చర్చల బల్ల ఎదుట మన వాదన
(కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



గేటు మీటింగులో మాట్లాడటం మనకు కొత్త కాదు. మైకు లేకుండా వేయిమందికి వినిపించగల వక్తలు ఈ తరగతిలోనే ఉన్నారు. అయితే ఆ వక్తలే యాజమాన్యం ఎదుట, రాజీ అధికారి ఎదుట తడబడటం మేము పలుమార్లు చూశాము. ధైర్యం లేక కాదు. గేటు దగ్గర వినేవారు మనవారు. మనం సగం చెబితే తక్కిన సగం వారి అనుభవంలోనే ఉంటుంది. చర్చల గదిలోని వారికి ఆ సగం తెలియదు.

ఒకమారు మేము 23 డిమాండ్ల పత్రాన్ని ఆసాంతం చదవబూనినాము. వేతన సవరణ అందులో 19వ అంశం. అక్కడికి చేరేసరికి గంట దాటింది. అధికారి మిగిలినవి మరో వాయిదాకు పెట్టారు. తప్పు ఆయనది కాదు. ప్రాణం వంటి కోరికను 19వ చోట పెట్టినది మేమే.

ఇక వేతనం సంగతి. ధరలు మండుతున్నాయంటే, మాకూ ఖర్చులు పెరిగాయని ఎదుటివారంటారు. చర్చ అక్కడే నిలిచిపోతుంది. లెక్క చూపండి. ప్రభుత్వమూ, యజమానులూ, కార్మిక సంఘాలూ కలిసి కూర్చున్న ఇండియన్ లేబర్ కాన్ఫరెన్స్ 15వ సమావేశం 1957లోనే కొలబద్ద నిర్ణయించింది: సంపాదించే ఒక్కరిపై మూడు వినియోగ యూనిట్లు, డాక్టర్ ఎక్రాయిడ్ సిఫార్సుల మేరకు ఆహారం, నలుగురికి ఏటా 72 గజాల బట్ట, కనీసపు ఇంటి అద్దె, వంటచెరకు, దీపం వగైరాలకు మొత్తం వేతనంలో 20 శాతం. పిల్లల చదువు, వైద్యం, పండుగలు, వృద్ధాప్యం, పెళ్లిళ్ల వంటి వాటికి మరో 25 శాతం ఉండాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక్కడ మనవారు తరచు పొరబడుతున్నారు. ఆ 20, ఆ 25 మొత్తం వేతనంలో భాగాలు. అంటే తిండి, బట్ట, అద్దె కలిసి 55 శాతమే. ఉదాహరణకు ఆ మూడింటికి 11,000 రూపాయలైతే, వేతనం 20,000 కావాలి. 11,000కు 45 శాతం కలిపితే 15,950 వస్తుంది. నెలకు 4,050 రూపాయలు మన చేతులతో మనమే వదులుకున్నట్లు! అవతలి అకౌంటెంటు ఈ పొరపాటును సరిదిద్దుతాడని ఆశించకండి.

ధరలు మీ ఊరి బజారువే వేయండి, రసీదులు దగ్గర ఉంచుకోండి. అంతా ఒకే కాగితంపై రాసి, బల్ల చుట్టూ ఉన్న ప్రతివారికీ ప్రతి ఇవ్వండి. దానిని చదివి వినిపించవద్దు. కావలసిన వేతనమెంత, చేతికి వస్తున్నదెంత, తేడా ఎంత, ఈ మూడు అంకెలు చెప్పి ఆగండి. ఆ తరువాతి మౌనమే కష్టం. మనలో ఎవరో ఒకరు దానిని భరించలేక, అడగకముందే కొంత తగ్గించి చెప్పేస్తారు.

ఒకరే మాట్లాడాలి. తెలియని ప్రశ్న వస్తే కనుక్కొని చెబుతామని రాసుకోండి. ఒక్క అంకె పెంచి చెప్పి దొరికితే, నిజమైన అంకెలను కూడా ఎవరూ నమ్మరు.

భోజనానంతరం మాలో నలుగురం యాజమాన్యం పక్షాన కూర్చుంటాము. వేతన చీటీలు తెచ్చుకున్నవారు ముందుగా రండి.