వంశవృక్షం - వ్యక్తి గోప్యత

పూర్వులెవరో తెలుసుకొనవలెనన్న కోరిక భారతదేశంలో కొత్తది కాదు. గోత్రం, ప్రవర, ఇంటిపేరు - ఇవన్నీ ఆ కోరికకు ప్రాచీన సాధనాలే. హరిద్వారంలోని పండాలు యాత్రిక కుటుంబాల వివరాలను తరతరాలుగా ‘బహీ’లనే పొడవాటి పుస్తకాలలో వ్రాసి భద్రపరుస్తున్నారు. అయితే కుటుంబం తన నోటితో చెప్పినంత మేరకే ఆ పుస్తకాలకెక్కుతుంది. నేటి విజ్ఞానశాస్త్రం ఇదే కోరికకు మరొక సాధనాన్ని సమకూర్చింది. చిన్న గొట్టంలో ఉమ్మి పంపితే చాలు. అందులోని డి.ఎన్.ఏ.ను పరీక్షించి, పూర్వులు ఏ ప్రాంతంవారో, జీవించి ఉన్న బంధువులెవరో వాణిజ్య సంస్థలు తెలియజేస్తున్నాయి. కుటుంబానికే తెలియని సంగతులు సైతం ఈ పరీక్షలో బయటపడవచ్చు. దాచి ఉంచిన దత్తత బయటపడవచ్చు. మున్ముందు రాగల వ్యాధి సూచన కనిపించవచ్చు.

ఇక్కడ ముఖ్యంగా ఆలోచింపదగిన ప్రశ్న ఒకటున్నది. ఈ వివరాలు ఎవరి సొత్తు? ఉమ్మి ఇచ్చిన వ్యక్తిది మాత్రమేనని పైకి తోచవచ్చు. కాని బిడ్డకు డి.ఎన్.ఏ.లో సగం తల్లి నుండి, సగం తండ్రి నుండి సంక్రమిస్తుంది. తోబుట్టువుల మధ్య సగటున సగభాగం, అన్నదమ్ముల బిడ్డల మధ్య సుమారు ఎనిమిదవ వంతు ఉమ్మడిగా ఉంటుంది. మేనరికాలు గల కుటుంబాలలో ఈ భాగం ఇంకా ఎక్కువ. అమెరికాలో స్థిరపడిన తెలుగు యువకుడొకడు కుతూహలంకొద్దీ పరీక్ష చేయించుకుంటే, గుంటూరులో ఉన్న అతని పినతండ్రి బిడ్డల వివరాలు కూడా కొంత మేరకు ఆ సంస్థకు చేరినట్లే. వారి అనుమతిని అడిగినవారు లేరు.

ఇది కేవలం ఊహ కాదు. 1970, 1980 దశకాలలో కాలిఫోర్నియాలో అనేక హత్యలు, అత్యాచారాలు చేసిన వ్యక్తిని పోలీసులు 2018 ఏప్రిల్‌లో పట్టుకున్నారు. అతడు ఎన్నడూ తన ఉమ్మిని ఎవరికీ పంపలేదు. వంశచరిత్ర కోసం దూరపు బంధువులు ఇచ్చిన వివరాలే అతని జాడను తెలిపాయి. 2020లో అతనికి యావజ్జీవ శిక్ష పడింది. ఆ న్యాయం పట్ల ఎవరికీ అభ్యంతరం ఉండదు. కాని అదే మార్గంలో నిరపరాధిని కూడా గుర్తించవచ్చు. 2018లోనే ‘సైన్స్’ పత్రికలో వెలువడిన పరిశోధన ఒకటి 12 లక్షల 80 వేల మంది వివరాలను పరిశీలించింది. ఐరోపా సంతతివారి విషయంలో నూటికి 60 అన్వేషణలలో, ముత్తాత తల్లిదండ్రులు ఉమ్మడిగా గల బంధువో అంతకన్న దగ్గరి బంధువో లభించగలడని అది తేల్చింది.

వివరాలను భద్రపరచవలసిన సంస్థల స్థితి కూడా గమనింపదగినది. ‘ట్వెంటీత్రీ అండ్ మీ’ అనే అమెరికన్ సంస్థలో 2023లో సుమారు 14 వేల ఖాతాలు దుండగుల చేతికి చిక్కాయి. బంధువులను కలిపే సదుపాయం ద్వారా ఆ కొద్ది ఖాతాల నుండే దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి. 2025 మార్చిలో ఆ సంస్థ దివాలా కోసం న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. కోటిన్నర మంది వివరాలు ఎవరి వశమవుతాయోనన్న ఆందోళన అప్పుడు చెలరేగింది. చివరకు సంస్థాపకురాలి ఆధ్వర్యంలోని లాభాపేక్షలేని సంస్థ 30 కోట్ల 50 లక్షల డాలర్లకు దానిని కొనుగోలు చేసింది.

ఇందువల్ల ఈ శాస్త్రాన్నే నిరసించడం తగదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి 25 సమాజాలపై జరిపిన పరిశోధన 2009లో వెలువడింది. వాటిలో అత్యధిక భాగం రెండు ప్రాచీన జనసమూహాల సమ్మేళనమేనని అది వెల్లడించింది. భారతీయుల ఏకత్వానికి ఇంతకన్న శాస్త్రీయమైన నిదర్శనం అరుదు. శస్త్రచికిత్సలో కండరాలను సడలించడానికి వాడే ఒక మందు కొందరిలో అధిక సమయం పనిచేస్తుంది. ఈ లక్షణం తెలుగునాట ఒక సమాజంలో హెచ్చుగా ఉన్నదని తెలియడం వైద్యులకు ఎంతో మేలు. కాని ఇటువంటి సమాచారమే పెళ్ళి సంబంధాలు చూసేవారి చేతిలోనో, బీమా వ్యాపారి చేతిలోనో పడితే ఒక సమాజమంతటికీ కళంకం అంటగట్టవచ్చు. జ్ఞానం ఒక్కటే, దానిని ఉపయోగించేవారి ఉద్దేశాన్ని బట్టి ఫలితం మారుతుంది.

భారతదేశంలో చట్టం ఈ దిశగా కొంత ముందుకు నడిచింది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రకటించింది. జన్యుకారణాలపై ఆరోగ్యబీమాలో వివక్ష చూపడం రాజ్యాంగ విరుద్ధమని 2018లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమ్మతిని ఉపసంహరించుకొనే హక్కు, వివరాలను తొలగింపుమని కోరే హక్కు ఆ చట్టంలో ఉన్నాయి. అయితే ఆ సమ్మతి ఒక్క వ్యక్తికి సంబంధించినది. ఒకరు ఇచ్చిన సమ్మతి పదిమంది బంధువులను తాకినప్పుడు ఏమి చేయవలెనన్న ప్రశ్న కుటుంబాల విజ్ఞతకే మిగిలి ఉన్నది.

తెలుగు కుటుంబాలలో భూమి అమ్మకానికి ముందు అన్నదమ్ములు కూర్చుని మాట్లాడుకొనే ఆచారం ఉన్నది. ఉమ్మడి ఆస్తిని ఒక్కరే అమ్మడం తప్పని అందరూ ఎరుగుదురు. డి.ఎన్.ఏ. విషయంలోనూ ఇదే మర్యాద పాటించవలసి ఉన్నది. పరీక్షకు పూనుకొనేవారు ముందుగా తోబుట్టువులతో సంప్రదించవలెను. షరతుల పత్రాన్ని ఆసాంతం చదవవలెను. వివరాలు ఎంతకాలం ఉంచుతారో, ఎవరికి ఇస్తారో, సంస్థ చేతులు మారితే వాటి గతి ఏమిటో విచారింపవలెను. వంశచరిత్రపై ఆసక్తి గల విద్యార్థులకు ఇంటిలోని వృద్ధులు, పాత దస్తావేజులు, గ్రామ శాసనాలు ఎప్పుడూ అందుబాటులోనే ఉన్నాయి. అన్వేషణను అక్కడ ఆరంభించడం అన్నివిధాలా శ్రేయస్కరం.