ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సరు – మందుల కూర్పులను పరీక్షించు విధము



విద్యను గూర్చియు, వసతిగృహములను గూర్చియు జరిగిన ప్రసంగముల నడుమ ఈ రోగచర్చ యేల యని కొందరికి తోచవచ్చును. ఊపిరితిత్తుల క్యాన్సరు పెక్కుమందికి ముదిరిన పిదపగాని బయటపడదు. అట్టి సమయమున “క్రొత్త మందుల కూర్పును పరీక్షించుచున్నాము, చేరుదురా?” యని వైద్యుడడిగినచో, “మా తండ్రిపై ప్రయోగములు చేయుదురా?” యని కోపించి లేచిపోవు వారు కొందరు, “ఒక మందుకన్న మూడు మందులు మేలు కదా” యని కాగితము చదువకయే వ్రాలు చేయు వారు కొందరు. ఈ రెండు త్రోవలును మంచివి కావని మనవి చేయుటకే యీ నాలుగు మాటలు.

మందులు ఎన్ని కలిపిన అంత గుణమనుట నిజము కాదు. జెఫిటినిబ్ అను మాత్రను కీమోథెరపీతో చేర్చినచో ఆయువు పెరుగునని తలంచి, ముదిరిన రోగముగల రెండువేలమందికి పైగా రోగులతో రెండు గొప్ప పరీక్షలు నడపిరి. వాని ఫలితములు 2004లో వెలువడినవి. కూర్పువలన ఆయువు పెరుగలేదు. ఆ పరీక్షలే లేకున్నచో, ఆ కూర్పును ఎందరికో వృథాగా ఇచ్చి యుందురు.

అదే సంవత్సరమున మరియొక సంగతి తెలియవచ్చినది. కొందరి కణితియందు ఈజీఎఫ్ఆర్ అను జన్యువు మార్పు చెంది యుండుననియు, ఈ మాత్ర ముఖ్యముగ అట్టివారికే పనిచేయుననియు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అటుపై ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు ఆ మార్పుగల 350 మంది రోగులను 2016 మొదలు 2018 వరకు పరీక్షలో చేర్చుకొనిరి. ఒక వర్గమునకు మాత్ర మాత్రమే; రెండవ వర్గమునకు మాత్రతోబాటు పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్ అను మందులు. ఎవరికేది యనునది చీటి వేసినట్లు నిర్ణయింపబడినది. వైద్యుడే ఏరినచో, బలముగలవారు ఒక వైపున చేరి లెక్క తప్పును.

ఫలితము 2019లో వెల్లడియైనది. వ్యాధి మరల పెరుగకుండ నిలిచిన కాలము, సగటున నడిమి రోగిని లెక్కించి చూడగా, మాత్ర మాత్రమే పుచ్చుకొన్నవారిలో 8 నెలలు, కూర్పు పుచ్చుకొన్నవారిలో 16 నెలలు. ఆయువును పెరిగినది. కాని దానికి వెల లేకపోలేదు: తీవ్రమైన బాధలు మొదటి వర్గమున నూటికి 25 మందికి కలుగగా, రెండవ వర్గమున 51 మందికి కలిగినవి. 2023లో ఒసిమెర్టినిబ్ అను క్రొత్త మాత్రను కీమోథెరపీతో కలిపి 557 మందితో చేసిన పరీక్షయందును అట్టి మేలే కానవచ్చినది: 16.7 నెలలు 25.5 నెలలైనవి.

ఒకనాడు ఓడిన ఆలోచనయే, తగిన రోగులను ఏరి పరీక్షించినంతనే గెలిచినది. మాత్ర మాత్రమే పుచ్చుకొన్నవారికిని ఆనాడు అంగీకృతమైన చికిత్సయే అందినది. వారు లేక ఈ సత్యము తేలియుండదు. వారికిని మనము ఋణపడియున్నాము.

ఇక రోగి హక్కులు. మన దేశమున 2019లో వచ్చిన నియమముల ప్రకారము, పరీక్షకు ఎథిక్స్ కమిటీ యనుమతి వలయును. రోగిని చేర్చుకొనుటకు ముందే ప్రభుత్వ పట్టికలో నమోదు కావలయును. రోగికి అర్థమగు భాషలో సమ్మతి పత్రము నీయవలయును. పరీక్షవలన హాని కలిగినచో నష్టపరిహారము కలదు. రోగి యెప్పుడైనను తప్పుకొనవచ్చును. తప్పుకొన్నంత మాత్రమున అతని వైద్యము చెడరాదు.

కావున చేరుటకు ముందు మూడు ప్రశ్నలడుగుడు: మా రోగి కణితియందలి జన్యువులను పరీక్షించితిరా? చీటి రెండవ వైపున పడినచో ఏ చికిత్స నిత్తురు? బాధలు కలిగిన రాత్రి ఎవరిని పిలువవలయును?

దిగులుతోనున్న కుటుంబమునకు ఈ ప్రశ్నలు తోచవు. అట్టి యింటికి వెళ్లి, సమ్మతి పత్రమును ప్రక్కన గూర్చుండి చదివి చెప్పుట మన సంఘమునందలి చదువుకొన్న యువకులకును, యువతులకును తగిన సేవ. దానికి ధనము కన్న తీరిక ముఖ్యము. చేరుమని గాని, మానుమని గాని చెప్పవలదు. తెలిసి నిర్ణయించుకొనునట్లు చేసిన చాలును.