ఏం కొలిచారు, ఎవరిని వదిలారు?



అర్థశాస్త్రం చదివి పట్టాలు అందుకుంటున్న మీకు జినీ సూచిక కొత్త కాదు. ఆదాయం అందరికీ సమానంగా అందితే సున్న, మొత్తం ఒక్కరికే చేరితే ఒకటి. ఇటలీ గణాంకవేత్త కొర్రాడో జినీ 1912లో ప్రతిపాదించిన ఈ సూత్రంతో పరీక్షలు గట్టెక్కారు. ఇక దాన్ని నిలదీయడం నేర్చుకోవాలి.

మన దేశాన్నే తీసుకోండి. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వేను బట్టి ప్రపంచ బ్యాంకు చెప్పిన జినీ 0.255. సమానత్వంలో మనం ముందు వరుసలో ఉన్నామని కొందరు సంబరపడ్డారు. అదే ఏడాదికి వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ పరిశోధకులు ఆదాయాన్ని అంచనా వేస్తే, దేశాదాయంలో 22.6 శాతం పైనున్న ఒక్క శాతం మందికే పోతోందని తేలింది.

ఒకే దేశానికి ఈ రెండు వేర్వేరు ముఖాలెందుకు? మొదటిది ఖర్చును కొలిచింది. కూలి కుటుంబం వచ్చినదంతా తిండికీ మందులకీ పెడుతుంది. కలిగినవాళ్లకు మిగిలింది పొలాలుగా, షేర్లుగా మారుతుంది, ఖర్చు లెక్కలోకి రాదు. రెండోది పన్ను లెక్కలను ఆసరా చేసుకుంది. అయితే ఇక్కడ రిటర్నులు వేసేవాళ్లే తక్కువ కాబట్టి అందులో అంచనాల పాలు ఎక్కువ. ఇంట్లో ఆఖరున తినేది ఎవరో రెండూ చెప్పవు.

మరి నేరుగా ఆదాయమే అడగవచ్చు కదా? జాతీయ నమూనా సర్వే వాళ్లు దశాబ్దాల కిందటే ప్రయోగాత్మకంగా అడిగి చూశారు. జనం చెప్పిన ఆదాయం, వాళ్ల ఖర్చూ పొదుపూ కలిపిన మొత్తం కంటే తక్కువ తేలింది! ప్రణాళికలతో పెరిగిన ఆదాయం ఎవరికి చేరిందో చూడమని 1960లో గణాంకవేత్త మహలనోబిస్ అధ్యక్షతన కమిటీ వేసిన దేశం మనది. అయినా దేశవ్యాప్తంగా తొలి ఆదాయ సర్వే 2026లో చేపడతామన్న ప్రకటన 2025లో గానీ రాలేదు. తన రాబడిని చెప్పుకోవడానికి జంకే సమాజం, అడగడానికి వెనకాడిన ప్రభుత్వం: అసమానత గురించి ఏ సూచికా చెప్పనంత ఈ మౌనమే చెబుతోంది.

మీలో కొందరు సర్వేలు చేస్తారు, కొందరు వాటిని చూసి విధానాలు రాస్తారు, కొందరు వార్తలు రాస్తారు. ఎంత తక్కువ అంకె కనబడినా చప్పట్లు కొట్టే ముందు, ఏం కొలిచారు, ఎవరిని వదిలారు అని అడగండి. మీ గడప తొక్కిన సర్వే ఉద్యోగికి మాత్రం నిజం చెప్పండి.