కరివేపాకు చెట్టుకు వచ్చే అతిథి
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రైతులకు చెప్పిన సంగతే ఈవేళ మన పెరళ్ళ గురించి చెబుతాను.

వినాయకుడికి పెట్టే వెలగపండు, శివుడికి వేసే మారేడుదళం, చారులో కరివేపాకు, ఊరగాయ నిమ్మ అన్నీ ఒకే కుటుంబం. ఆ చుట్టరికం సిల్లా పురుగుకు బాగా తెలుసు. మూడు నాలుగు మిల్లీమీటర్లుంటుంది. తల వంచి, వెనుకభాగం పైకెత్తి కూర్చుంటుంది. గుడ్లు లేతచిగురు మీదే పెడుతుంది. నిమ్మ, బత్తాయి చిగురు లేనప్పుడు కరివేపాకు మీదో, కడియం నర్సరీల నుంచి కంచె కోసం తెచ్చుకునే తెల్లపూల మురయా మీదో సంసారం సాగిస్తుంది. జబ్బుచెట్టు రసం పీల్చిన పురుగు గ్రీనింగ్ తెగులు బాక్టీరియాను మరో నిమ్మకో బత్తాయికో అంటిస్తుంది. కరివేపాకు ఆ జబ్బున పడదు గాని పురుగుకు పుట్టిల్లు. మురయాలో బాక్టీరియా కూడా కనబడింది.

తెగులు సోకిన ఆకు మీద ఈనెకు అటొక తీరు, ఇటొక తీరు పసుపు మచ్చలుంటాయి. జింకు లోపమైతే రెండువైపులా ఒకేలా ఉంటుంది. ఇంత చెప్పే నేనే మా పెరటి నిమ్మకు రెండేళ్ళు జింకు కొట్టాను! కాయలు వంకరపోయాక గాని తెలివి రాలేదు. దీనికి నయంచేసే మందు లేదు. చెట్టు కొట్టించేస్తే మా ఆవిడ రెండురోజులు మాట్లాడలేదు.

ఫ్లోరిడాలో ఉన్న మా అమ్మాయి కరివేపాకు మొక్క తెమ్మంది. తడిగుడ్డ చుట్టి పెట్టెలో పెడితే ఎవరికి తెలుస్తుందని ఇంట్లో వాదన. ఆ రాష్ట్రంలో సిల్లా 1998లో మురయా కంచెల మీదే మొదట పట్టుబడింది. 2005లో తెగులు బయటపడింది. నేడు అక్కడి నారింజ దిగుబడి అప్పటిలో పదోవంతు కూడా లేదు. పచ్చి కరివేపాకు వెంట తేవడాన్ని అమెరికా నిషేధించింది అందుకే. ‘రెండు రెబ్బలే కదా’ అంటాం, గుడ్లుండేది ఆ లేతరెబ్బలోనే. నేను తీసుకెళ్ళలేదు. అమ్మాయి అలిగింది.

మన మెట్టలోనూ నిమ్మతోటలున్నాయి, ఏలూరు నిమ్మ మార్కెట్టు మీద బతికే కుటుంబాలున్నాయి. అందుచేత నర్సరీలో మొక్క కొనేముందు చిగురు తిప్పి చూడండి. పసుపుపచ్చ గుడ్లు, తెల్లని మైనపు పోగులు కనబడితే వద్దనండి. ఇంటి చెట్టుకైతే ఆ చిగురు తుంచి, సబ్బునీళ్ళలో వేపనూనె కలిపి కొట్టండి. ఘాటు పురుగుమందులు వద్దు, రేపు అది మన చారులోకే వస్తుంది.

సందేహాలుంటే కాఫీల దగ్గర అడగండి. సెలవు.