జోయీ వ్యాన్‌లో ఏముండేది?

డన్‌లప్ అనగానే మనకి టైరే గుర్తొస్తుంది కదా. ఈ రోజు మాట్లాడేది మనిషి గురించి. జోయీ డన్‌లప్. ఉత్తర ఐర్లాండ్‌లో బాలీమనీ అనే చిన్న ఊరాయన. 1952లో పుట్టాడు. ఫ్యాన్స్ ఇంటిపేరు కూడా వాడరు, జోయీ అంటే చాలు.

ఈయన ఆట మనం ఫోన్లో చూసే మోటోజీపీ లాంటిది కాదు. ఐల్ ఆఫ్ మాన్ అనే దీవిలో టీటీ రేసులు జరుగుతాయి. ప్రత్యేకంగా ట్రాక్ ఏమీ ఉండదు. రోజూ కార్లు, బస్సులు తిరిగే రోడ్డునే మూసేసి రేసు పెడతారు. ఒక్క రౌండు 60 కిలోమీటర్లు. దాదాపు హైదరాబాద్ నుంచి సంగారెడ్డి అనుకోండి. పక్కనే రాతి గోడలు, ఇళ్లు, చెట్లు. ఆ దారిలో ఇప్పటిదాకా 250 మందికి పైగా రైడర్లు పోయారు. అక్కడ జోయీ 26 సార్లు గెలిచాడు! 1982 నుంచి 1986 దాకా వరసగా ఐదేళ్లు టీటీ ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్.

1985లో అయితే ఇంకో కథ. రేసుకి చేపల పడవలో బయల్దేరితే అది మునిగిపోయింది. జోయీని నీళ్లలోంచి బయటికి లాగారు. ఆ ఏడాదే మూడు రేసులు గెలిచాడు. సినిమాలో పెడితే మనమే "ఓవర్ చేశాడ్రా" అంటాం.

కానీ ఆయన ఫ్యాన్స్‌ని కదిలిస్తే ముందు చెప్పేది ఈ గెలుపులు కాదు, ఆయన వ్యాన్ గురించి. రేసులు లేనప్పుడు అందులో తిండి సామాను, బట్టలు నింపుకుని రొమేనియా, బోస్నియా, అల్బేనియాల్లో అనాథాశ్రమాలకి తనే నడుపుకుంటూ వెళ్లేవాడు. వెనక కెమెరా లేదు, ప్రెస్ మీట్ లేదు. ఇప్పుడు మనం ఒక బిర్యానీ ప్యాకెట్ ఇచ్చినా రీల్ తీస్తున్నాం, నాతో సహా. ఈ సేవకే 1996లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకి ఓబీఈ ఇచ్చింది.

2000లో వయసు 48. ఆ వయసులో ఒకే వారంలో మూడు టీటీలు గెలిచాడు. అక్కడితో ఆపేయొచ్చు కదా? నెల తిరిగేసరికి ఎస్టోనియాలో, టాలిన్ రేసుకి వెళ్లాడు. రెండు గెలిచాడు. మూడోది 125 సీసీ. వాన. రోడ్డు తడి. ముందున్నది తనే. బండి జారి చెట్లలోకి పోయింది. జూలై 2న అక్కడే ప్రాణం పోయింది. ఇంట్లో భార్య, ఐదుగురు పిల్లలు.

నిజం చెప్తున్నా, నాకు ఆయనంటే ఎంత ఇష్టమో ఆ మూడో రేసు మీద అంత కోపం. ఎవరి కోసం అన్నా అది? బీటెక్ సెకండ్ ఇయర్‌లో నేను బండి కొన్నప్పటి నుంచీ మా అమ్మ సౌండ్ వినపడనంత దూరం వెళ్లేదాకా గేటు దగ్గరే నిలబడుతుంది. జోయీ గురించి చదివినప్పుడల్లా నాకు ఆ గేటే గుర్తొస్తుంది.

అంత్యక్రియలకి ఆ చిన్న ఊరికి దాదాపు 50 వేల మంది వచ్చారు. ఇప్పుడు ఐల్ ఆఫ్ మాన్ కొండ మీద ఆయన విగ్రహం ఉంది, బండి మీద కూర్చుని రేసు దారిని చూస్తున్నట్టు. 26వ మైలురాయి దగ్గర మలుపు పేరు "జోయీస్".

కథ అక్కడితో ఆగలేదు. తమ్ముడు రాబర్ట్ 2008లో నార్త్ వెస్ట్ 200 ప్రాక్టీస్‌లో పోయాడు. రెండు రోజులకి అదే చోట రాబర్ట్ కొడుకు మైఖేల్ రేసు గెలిచాడు. 2018లో మైఖేల్ అన్న విలియం కూడా రేసు ప్రాక్టీస్‌లోనే పోయాడు. అయినా మైఖేల్ ఆపలేదు. పెదనాన్న పేరున ఉన్న 26 రికార్డుని 2024లో దాటేశాడు. ఇది ధైర్యమా, మొండితనమా? ఎంత ఆలోచించినా నాకు తేలలేదు. మీకు తేలితే చెప్పండి.

ఈ ఎపిసోడ్ మా అమ్మకి ఇంకా చూపించలేదు. సరే, వచ్చే వారం కలుద్దాం.