ఒంటె సాలీడూ మన కుర్రాడూ



పొందూరులో నిలబడి సాలీడు గురించి మాట్లాడుతుంటే మాకే నవ్వొస్తోంది. వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి సన్ననూలు వడికే ఊరు ఇది. సాలీడంటే నేతగాడనే కదా అర్థం! మేం చెప్పబోయేది మాత్రం పోగు తీయదు, గూడు అల్లదు. అసలది సాలీడే కాదు. పేరు ఒంటె సాలీడు.

మా హాస్టల్లో చదువుకున్న సీతంపేట వైపు కుర్రాడొకడు సైన్యంలో చేరాడు. మొదటి పోస్టింగు రాజస్థాన్‌లో, జైసల్మేర్ దగ్గర. ఓ ఆదివారం ఫోన్ చేసి, "మేడమ్, సాలీడు నన్ను తరిమింది" అన్నాడు. పెద్ద పురుగులన్నీ మన కొండల్లోనే ఉంటాయని అనుకునే మేం కిసుక్కున నవ్వేశాం.

జరిగింది ఇదీ. మిట్టమధ్యాహ్నం గుడారం బయట నిలబడ్డాడు. అరచెయ్యంత ఇసుకరంగు జీవి ఒకటి దూసుకొచ్చింది. పక్కకు జరిగితే అదీ జరిగింది. పరిగెడితే వెనకే పరిగెత్తింది. చేతిలో పళ్లెం ఒక పక్క, పప్పు ఒక పక్క. హర్యానా కుర్రాడొకడు, "అడవి నుంచి వచ్చినవాడివి, పురుగుకి భయమా?" అని ఎగతాళి చేశాడట. ఆ మాట మనవాడికి పప్పు పోయినదానికంటే ఎక్కువ నొప్పి పెట్టింది. "మా కొండల్లో సాలీడు దాని గూట్లో అదుంటుంది. మనిషి వెంట పడదు" అని గట్టిగానే జవాబిచ్చాడు.

చివరికి ఓ పాత హవల్దారు, "కదలకుండా నిలబడు" అన్నాడు. నిలబడ్డాడు. ఆ జీవి వాడి నీడలోకి వచ్చి ఆగిపోయింది. దానికి కావలసింది వీడు కాదు, వీడి నీడ. వేసవిలో 45 డిగ్రీలు దాటే నేల మీద మరి ఎక్కడికి పోతుంది?

దీనికి విషం లేదు. దవడలు మాత్రం గట్టివి, కరిస్తే నొప్పే. చూడ్డానికి పది కాళ్లలా ఉన్నా కాళ్లు ఎనిమిదే, ముందున్న రెండూ తడుముకునేవి. వేగం గంటకు 16 కిలోమీటర్ల దాకా ఉంటుందని చెబుతారు. లెక్క వేయండి. అదే వేగంతో పరిగెడితే 1.6 కిలోమీటర్లకు 6 నిమిషాలు. సైన్యం ర్యాలీలో 5 నిమిషాల 30 సెకన్లలోపు వచ్చినవాడు మనవాడు. అయినా వాడే భయపడ్డాడు!

తేలు సంగతి వేరు. దానితో ఆటలొద్దు. అందుకే అక్కడ బూట్లు దులపకుండా ఎవరూ తొడగరు. సెలవుకొచ్చినప్పుడు మా వరండాలో వాడు చెప్పులు దులుపుతుంటే, చూసి పిల్లలంతా దులపడం మొదలెట్టారు. వారం రోజులు అదే గోల.

ఇక నవ్వు రానిది ఒకటుంది. ఎవరో వాళ్లమ్మ ఫోన్‌కి ఒక ఫోటో పంపారు. సైనికుడి చేతికి వేలాడుతూ, అతని కాలంత పొడవున ఒంటె సాలీడు! పంపింది మనలో ఒకరే, ఇప్పుడు పేరెందుకు. ఆవిడ మూడు బస్సులు మారి మా దగ్గరికొచ్చింది. "మా పిల్లడ్ని ఒచ్చీమనండి మేడమ్‌గారూ, ఆ ఉద్దోగం ఒద్దు" అని ఒకటే ఏడుపు. ఆ ఇంట్లో మొదటి జీతం అది. చెల్లి నర్సింగు ఫీజు కూడా అందులోంచే.

ధైర్యం చెబితే వినే స్థితిలో లేదు. వంటింట్లోంచి నిమ్మకాయ తెచ్చాం. మా వంటమనిషిని వేపచెట్టు దగ్గర నిలబెట్టి, నిమ్మకాయను ఫోన్‌కి దగ్గరగా పట్టి ఫోటో తీశాం. నిమ్మకాయ ఆమె తలంత వచ్చింది. తర్వాత ఆ ఫోటో ఇచ్చి కాళ్లు లెక్కపెట్టమన్నాం. "ఇన్ని కాళ్లేటమ్మా!" అంది. అవి రెండు జీవులు, ఒకదాన్నొకటి పట్టుకుని కెమెరాకి దగ్గరగా వేలాడుతున్నాయి. ఫోటో కూడా మన ఎడారిది కాదు, ఇరాక్ యుద్ధం నాటిది. ఆవిడ నిమ్మకాయ ఫోటోని మళ్లీ చూసి, మా వంటమనిషిని చూసి, అప్పుడు నవ్వింది. భోజనం చేసి సాయంత్రం బస్సుకి వెళ్లిపోయింది.

కుర్రాడు ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాడు. వాళ్లమ్మ ఫోన్‌లో ముందు "తిన్నావా" అని అడగదట.

"ఇయాల ఎండ ఎలాగుందిరా? నీ నీడలో ఎవులైనా కూకున్నారా?" అంటుందట.