కుక్క పేగుకు ఏ సూది?

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా ఆత్మకూరులో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో అదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదని, చేసిన సేవకు దక్కే హక్కని తీర్పు చెప్పింది. ఏటా ఈ సభలో కరువుభత్యం, బకాయిల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి పశుసంవర్ధక శాఖలో పనిచేసిన నన్ను మీ వృత్తి సంగతి ఒకటి చెప్పమని కార్యదర్శి గారు కోరారు. పిల్లలు ఉద్యోగాలకని దూరం పోయాక మనలో చాలామంది ఇళ్లలో తోడుగా మిగిలింది కుక్కే. అందుచేత దాని ప్రాణం నిలిపే ఒక చిన్న వస్తువు గురించి మనవి చేస్తాను. అది సూది.

కుక్క ఆశకొద్దీ మామిడి టెంక, మొక్కజొన్న బెండు, ఎముక ముక్క, పిల్లల మేజోడు ఏదైనా మింగుతుంది. అది పేగులో అడ్డం పడుతుంది. కుక్కపిల్లల్లో నులిపురుగుల వల్ల, పార్వో విరేచనాల వల్ల ఒక్కొక్కప్పుడు పేగులోకి పేగు దూరుతుంది. నల్లమల అంచున ఉన్న మన ఆత్మకూరు వంటి చోట అడవిపంది కోర తగిలి పొట్ట చీలిన కుక్కలూ వస్తాయి. ఇలాంటప్పుడు పేగును కోయాలి, లేదా చిల్లిని మూయాలి. కోయడం కన్నా కుట్టడమే కష్టం.

ఆడవారికి ఈ విషయం సులభంగా తెలుస్తుంది. గోనెసంచి కుట్టడానికి దబ్బనం తీస్తారు. రవిక గుడ్డకు దాన్ని వాడరు. మా దగ్గర కూడా ముఖ్యంగా రెండు జాతుల సూదులున్నాయి. ఒకటి కటింగ్ సూది. దాని మొన మూడంచుల కత్తిలా ఉంటుంది. కుక్క చర్మం గట్టిది గనుక అక్కడ ఇదే కావాలి. రెండవది రౌండ్ బాడీ సూది. మొన వాడిగా, ఒళ్లు గుండ్రంగా ఉంటుంది, అంచులుండవు. నేత గుడ్డలో చేతి సూది పోగును తెంచకుండా సందు చేసుకొని పోయినట్లు, ఇది కణజాలాన్ని పక్కకు నెట్టి దూరుతుంది. సూది పోయాక ఆ పోగులు మళ్లీ దారం చుట్టూ దగ్గరకు చేరతాయి.

పేగుకు ఈ రెండవదే తగినది. కటింగ్ సూది కూడా పేగులోంచి ఎంతో హాయిగా పోతుంది. ప్రమాదం ఆ హాయిలోనే ఉంది. అది చేసిన కోత, దారం బిగించినప్పుడు మరికొంచెం చీలుతుంది. చొక్కా మీద అలాంటి చీలిక పడితే పోయేదేమీ లేదు. పేగులో ఉన్నది మలం, క్రిములు. బొట్టు బొట్టుగా పొట్టలోకి కారినా పెరిటోనైటిస్ వస్తుంది, కుక్క దక్కడం కష్టం.

పేగు గోడలో నాలుగు పొరలుంటాయి. లోపలి మెత్తని పొరకు, పైనున్న కండర పొరకు నడుమ సబ్‌మ్యుకోసా అనే పలుచని, గట్టి పొర ఉంది. కుట్టును పట్టి నిలిపేది అదే. విలియం హాల్‌స్టెడ్ అనే అమెరికా శస్త్రవైద్యుడు 1887లో కుక్కల పేగుల మీద చేసిన ప్రయోగాలతో దీని ప్రాముఖ్యాన్ని లోకానికి చాటాడు. ఈనాడు మనుషుల పేగులకు వేసే కుట్లలో ఆ కుక్కల రుణం ఉంది. క్యాట్‌గట్ అనే పాతకాలపు దారం గొర్రె పేగులోని ఈ పొరనుంచే తీసేవారు.

ఇక దారం ఎక్కించే కన్ను సంగతి. కన్నున్న సూదిలో దారం రెండు పేటలుగా పేగులో దూరాలి, కనుక రంధ్రం పెద్దదవుతుంది. పైగా మళ్లీ మళ్లీ ఉడకబెట్టి వాడిన సూది మొన మొద్దుబారుతుంది. దారాన్ని సూది తోకలోనే అతికించి, శుద్ధిచేసిన ప్యాకెట్లో ఇచ్చే సూదికి ఈ రెండు దోషాలూ లేవు. కుక్కకు సాధారణంగా 3-0 లేదా 4-0 దారం చాలు. సున్నాలు పెరిగే కొద్దీ దారం సన్నబడుతుంది. వంపు అర్ధచక్రమైనా, అంతకన్నా కొంచెం తక్కువైనా సరే, పేగును పొట్ట బయటికి తెచ్చి కుట్టవచ్చు. లోతున కుట్టవలసి వస్తే మాత్రం అర్ధచక్రమే మణికట్టు తిప్పితే పని జరుపుతుంది. ప్యాకెట్ మీద చిన్న బొమ్మ ఉంటుంది. వృత్తంలో చుక్క ఉంటే రౌండ్ బాడీ, త్రికోణముంటే కటింగ్.

ఇది కొత్త తెలివి అనుకోకండి. సుశ్రుత సంహితలో మాంసం తక్కువైన చోట గుండ్రని సూది, కండ ఎక్కువైన చోట మూడంచుల సూది, పొట్ట మీద విల్లులా వంగిన సూది వాడాలని చెప్పారు. చిల్లిపడిన పేగు అంచులను నల్లచీమల చేత కరిపించి, తలలు మాత్రం ఉంచే పద్ధతినీ వర్ణించారు. ఏ కణజాలానికి ఏ మొన అన్న ప్రశ్న అంత పాతది.

నా సర్వీసులో ఒక గొర్రెల కాపరి, పంది కోర తగిలిన మంద కుక్కను తువ్వాలులో మోసుకొచ్చాడు. పేగుకు రెండు చిల్లులు. "సార్, ఇది పోతే నా మందకు కాపలా పోయినట్టే" అన్నాడు. ఆ రోజు ఆస్పత్రి బీరువాలో ఎద్దుల తోలు కుట్టే పెద్ద కటింగ్ సూదులు తప్ప లేవు. గోరువెచ్చని సెలైనులో తడిపిన గుడ్డలు పేగు మీద మారుస్తూ కూర్చున్నాము. కాంపౌండరు సైకిలెక్కి పోయి, మనుషుల ఆస్పత్రి డాక్టరు గారిని అడిగి రెండు రౌండ్ బాడీ ప్యాకెట్లు తెచ్చాడు. అంచుకు రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో, కుట్టుకూ కుట్టుకూ అంతే ఎడంతో కుట్టి, సెలైను ఎక్కించి కారడం లేదని చూసుకొని, కొవ్వు పొరను పైన కప్పాము. కుక్క బ్రతికింది. కాపరి కష్టమూ, మా నైపుణ్యమూ ఆ గంటసేపు ఒక సూది కోసం ఆగవలసి వచ్చింది.

మంచి సూదితో కుట్టినా గండం గడవదు. కుట్లు వదిలే భయం ఎక్కువగా మూడవ రోజు నుంచి ఐదవ రోజు వరకు ఉంటుంది. అప్పుడు జ్వరం, వాంతి, పొట్ట ముట్టనీయకపోవడం, మూలన పడి లేవకపోవడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. నోట్లోనో ఆసనం దగ్గరో దారం వేలాడుతుంటే లాగకండి, పేగు కోసుకుపోతుంది. పేగు బయటపడితే పసుపు, కాఫీ పొడి చల్లవద్దు, లోపలికి తోయవద్దు. కాచి చల్లార్చిన ఉప్పునీటిలో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి, నాకనీయకుండా డాక్టరు దగ్గరకు చేర్చండి.

2022 ఏప్రిల్ నుంచి మనం నంద్యాల జిల్లా వారమయ్యాం. పశువైద్య కళాశాల మనకు దూరం. పేగు చిరిగిన కుక్క అంత ప్రయాణానికి ఆగదు. అందుకని సంఘ సభ్యులకు ఒక్క విన్నపం. ఊళ్లో పశువైద్యశాలకు ఏదైనా విరాళం ఇవ్వదలిస్తే, డాక్టరు గారిని అడిగి వృత్తంలో చుక్క గుర్తున్న ప్యాకెట్లు కొన్ని కొనివ్వండి. గడువు తేదీ చూసి మరీ ఇవ్వండి.